కోట రాళ్ళ సోదా

లోకంలోని గొప్ప కోటల సరసన తన కొండకోటలకూ చోటు కావాలని రాజు ఆశపడ్డాడు. చూసి తేల్చడానికి సముద్రాల అవతలి నుంచి రాయబారులు వచ్చారు.

“ఈ గోడకు సగం రాళ్ళు లేవేం?” అన్నారు ఒక కోటగోడ చూసి, అనుమానంగా.

“కోటలో కాపురముండే ఈ జనమే దొంగలు!” అన్నాడు ఆ కోట కాపలా చూసే అధికారి, కొత్తగా వచ్చిన ఖిల్లాదారు రుద్రప్ప. దారిన పోతున్న బసవమ్మను ఆపి, ఆమె చల్లకుండలో చెయ్యి పెట్టి మరీ వెతికాడు.

“గోడరాయి కుండలో పడుతుందా దొరా? ఇళ్ళు సోదా చేయించండి,” అంది బసవమ్మ.

“చేయిస్తా! ఒక్క ఇల్లు కూడా వదలను!”

“రాయబారులు విన్నారు. మావన్నీ మట్టి గుడిసెలు. రాతితో కట్టింది మీ కొత్త మేడ ఒక్కటే. అక్కడే మొదలుపెడదామా?”

రాయబారులు మేడ వైపు తిరిగారు. రుద్రప్ప చెయ్యి ఇంకా చల్లకుండలోనే ఉంది.