విల్లు పాదం దగ్గర నీళ్ళు

నేను చూసిన కరువుల్లో ఇది పెద్దది. నేను చూడని కరువు లేదు కాబట్టి లోకంలోనే పెద్దదని రాసుకోండి. నల్లగుట్టల అడవిలో మూడేళ్ళపాటు చినుకు లేదు. బండరాళ్ళు మధ్యాహ్నం పూట మూలిగేవి, ఈ చెవులతో విన్నాను. నిప్పురవ్వ కూడా నీడ చూసుకుని రాలేది. అడవి మొత్తానికీ మిగిలింది గుట్ట కింద ఒకే ఒక్క మడుగు. మడుగంటే గేదె పొర్లి లేచిన గుంటంత బురద. దాన్ని జంతువులు తాగేవి కావు, నాకేవి.

సాయంత్రమయ్యేసరికి మాత్రం తూర్పున, కోన మీదుగా, ఒక పలచని మబ్బు వెళ్ళేది. నాలుగు చినుకులు విదిల్చేది. అవి నేలను చేరకముందే ఆవిరైపోయేవి. అయినా ఆ కాస్త తడిలోనే ఇంద్రధనుస్సు నిలబడేది. ఎంత అందంగా నిలబడేదంటే, చూస్తే ఏడుపొచ్చేది.

ఆ అడవిలో ఒక ఆచారం. విల్లు కనబడగానే నాలుగుకాళ్ళ ప్రాణి ప్రతిదీ ముందుకాళ్ళు మడిచి తల నేలకు ఆనించాలి. అది మాసిపోయేదాకా ఎత్తకూడదు. దేవేంద్రుడి విల్లుని తేరిపార చూస్తే కళ్ళు పోతాయని పెద్దల మాట. అందుకని తరతరాలుగా దానికి మొక్కినవాళ్ళే గానీ, దాన్ని చూసినవాళ్ళు లేరు.

ఇద్దరు తప్ప. ఒకడు సిద్ధప్ప అనే నక్క. అందరూ తలలు వంచినప్పుడు తల ఎత్తి చుట్టూ చూసుకోవడమే వాడి బతుకుతెరువు. రెండోవాడు ఓబులేసు అనే ముసలి కొంగ. ఆయనకు మడవడానికి ముందుకాళ్ళు లేవు.

ఒక సాయంత్రం విల్లు మాసిపోయాక సిద్ధప్ప రాయెక్కి కూర్చున్నాడు.

"రోజూ మొక్కడమేనా, అదెందుకు వస్తోందో ఎవరైనా ఆలోచించారా?" అన్నాడు. "దాహమేసి వస్తోంది. నీళ్ళున్నచోటే పాదం మోపుతుంది. పీల్చి పీల్చి ఆకాశానికి ఎక్కిస్తుంది. నీళ్ళు లేందే ఆ రంగులెక్కడివి?"

అడవిపంది తిమ్మన్న చెవులు రిక్కించాడు. "పాదం ఎక్కడ మోపింది?"

"తూర్పు కోనలో. చూసొచ్చా. మోకాలి లోతున చల్లగా ఉన్నాయి."

"అంత నీళ్ళుంటే నువ్వెందుకిలా ఎండుచేపలా ఉన్నావు?"

"నా ఒక్కడికే దారి వెతుక్కుంటే ఎండకపోదును తిమ్మన్నా. మీ అందరికీ వెతికా."

వాడు షరతులు కూడా పెట్టాడు. పూటకొక్క కుటుంబమే రావాలట, గుంపును చూస్తే విల్లు పాదం ఎత్తేస్తుందట. దారి పొడుగునా తల దించుకుని, వాడి తోక చూసుకుంటూ నడవాలట. తల దించడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటే కదా, ఎవరూ అనుమానించలేదు.

కోనలో ఉన్నది నీళ్ళు కాదు, గురప్ప అనే తోడేలు. వాగు ఎండి ఇసుకైన ఇరుకు సందులో, రెండు కొండల నడుమ పడుకుని ఉండేవాడు. కండ గురప్పకు, మెతకభాగం సిద్ధప్పకు. ఒప్పందం చక్కగా సాగింది.

ముందు కుందేళ్ళు వెళ్ళాయి. తర్వాత ముళ్ళపంది, దాని ముసలి తల్లి. తర్వాత తిమ్మన్న ఇంటిల్లిపాదీ. ఎవరూ తిరిగి రాలేదు.

"రాలేదేం?" అని అడిగితే సిద్ధప్ప జాలిగా చూసేవాడు. "నీళ్ళు వదిలేసి ఈ బురదకు నువ్వైతే వస్తావా?"

ఆ మాటతో వినేవాళ్ళకు ఆశ రెండింతలయ్యేది.

చెంగమ్మ అనే దుప్పికి నాగులు అనే మొగుడుండేవాడు. అతని దూకుడు నేను చూశాను. ఒకసారి నేలనొదిలితే, దిగేలోపు నేను ఒక వక్క నమిలి ఉమ్మేసేవాణ్ణి. అలాంటివాడు నక్క మాట వినగానే మొహం చిట్లించాడు.

"నాకెందుకో మనసొప్పడం లేదే."

"పిల్ల నాలుక చూడు" అంది చెంగమ్మ. "నాకు పాలు ఇంకి రెండు రోజులైంది. నీ మనసు ఒప్పేదాకా అది బతుకుతుందా? నువ్వు ముందెళ్ళి చూసిరా."

ఆ సాయంత్రమే నాగులు తల దించుకుని నక్క వెనక వెళ్ళాడు. మూడు రోజులు గడిచాయి. నాలుగో పొద్దుటికి పిల్ల లేచి నిలబడలేకపోయింది. ఇక ఆగలేక, ఆ సాయంత్రం తనూ పిల్లా వస్తామని చెంగమ్మ సిద్ధప్పకు కబురు పంపింది.

అప్పుడే తెల్లవారింది. మడుగు అంచున ఓబులేసు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"వెళ్ళకమ్మా" అన్నాడు.

"అక్కడ నీళ్ళున్నాయి తాతా. మా ఆయన అక్కడే ఉన్నాడు."

"విల్లుకు పాదం లేదు. రెక్క విరగక ముందు నేను దాని వెంటపడ్డాను. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఎగిరాను. నేనెంత ముందుకెళ్తే అదంత వెనక్కెళ్ళింది. బాగా ఎత్తుకు పోయి చూస్తే అది విల్లే కాదు, నిండు గుండ్రం. బావి ఒరలాగా. నడిమధ్యలో నా నీడ. చక్రానికి పాదమేమిటి?"

"ఎగిరేవాళ్ళు ఏమైనా చెప్తారు. నా పిల్ల చస్తోంది."

ముసలాయన ఉదయపుటెండ వీపు మీద పడేలా చెంగమ్మను పడమటివైపు తిప్పి నిలబెట్టాడు. మంచిరెక్కను మడుగులో ముంచాడు. ఆ పూట తనకు వాటా వచ్చిన తడంతా అదే. రెక్కను గట్టిగా విదిల్చాడు.

తుంపరలో చిన్న విల్లు, ఏడు రంగులతో. చెంగమ్మ అలవాటుగా మోకాళ్ళు మడవబోయింది.

"వంగకు. చూడు. దాని పాదమెక్కడుందో చెప్పు."

"ఆ రాతి మీద."

"నేనున్నచోటు నుంచి చూస్తే ఈ తుమ్మ మొదట్లో ఉంది. నీ విల్లు నీది, నా విల్లు నాది. ఎండ వీపు మీద, చినుకు కళ్ళముందు ఉంటే చాలు. వెలుగు చినుకులోకి దూరి, వంగి, లోపలి గోడకు తగిలి, మళ్ళీ వంగి బయటికొస్తుంది. వంగినప్పుడు రంగులుగా విడిపోతుంది. అంతే. ఇప్పుడు రాతి దగ్గరికెళ్ళు."

ఆయన మళ్ళీ విదిల్చాడు. చెంగమ్మ రాయి మీద నిలబడింది. విల్లు లేదు. కాళ్ళ కింద తడిసిన రాయి, అది కూడా ఆరిపోతోంది.

ఆమె ఆ రాతి మీంచి దిగింది.

"వెళ్ళనన్నాడు తాతా. నేనే పంపాను."

ఓబులేసు కళ్ళు దూరంగా పడమటి గుట్టల మీద ఆగిపోయాయి. అక్కడ ఇంకో విల్లు నిలబడి ఉంది, ఈ చివరినుంచి ఆ చివరికి. మూడేళ్ళలో పడమట విల్లు పడడం అదే మొదలు.

"ఇది దారిన పోయే మబ్బు కాదు" అన్నాడు మెల్లగా. "ఎండ తూర్పున ఉంది, విల్లు పడమట ఉందంటే ఆ గుట్టల మీద వాన కురుస్తోంది. గాలి కూడా అటునుంచే. మన వాగు పుట్టేది అక్కడే. పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కేలోపు నీళ్ళు మన పక్కనుంచి దిగి, నేరుగా కోనలో పడతాయి. పిల్లను గట్టెక్కించు."

చెంగమ్మ పిల్లను మెడతో నెట్టి గట్టెక్కించింది. మిగిలిన పదకొండు ప్రాణాలనూ అక్కడికే చేర్చమని ముసలాయనకు చెప్పి, తను నక్క బొరియ ముందుకెళ్ళి నిలబడింది.

"సిద్ధన్నా, సాయంత్రం దాకా ఆగలేం. మిగిలినవాళ్ళమంతా ఇప్పుడే వస్తాం."

"అంతానా?" సిద్ధప్ప గొంతులో తేనె కారింది. "ఎంతమంది వదినా?"

"పదకొండు మంది, నేనూ, పిల్లా. కానీ విల్లు ఇవాళ పడమట పడిందేమని భయపడుతున్నారు."

సిద్ధప్ప ఒక్కసారి పడమటికి చూశాడు. అంతటి విల్లు వాడి కళ్ళముందుంది. దాన్ని చూపించి నెలరోజులుగా బతుకుతున్నాడు గానీ, అదేం చెబుతోందో వాడికెప్పుడూ అక్కర్లేకపోయింది.

"అది తల. తల అటు పెట్టుకుని పడుకుంది. పాదం ఎప్పుడూ కోనలోనే" అన్నాడు.

"అలాగైతే నువ్వు ముందెళ్ళి ఇరుకు సందులో నిలబడి పిలువు. నీ గొంతు వింటే ధైర్యం చేస్తారు. మేం వచ్చేదాకా కదలకు, నువ్వు కనబడకపోతే వెనక్కి పారిపోతారు."

"కదిలితే నా మీద ఒట్టు" అని వాడు పరుగెత్తాడు. ఆ పరుగుకు వాడి నీడ వాణ్ణి అందుకోలేకపోయింది.

చెంగమ్మ కొండ పక్కగా ఎక్కి కోన అంచుకు చేరింది. కింద ఇసుకలో సిద్ధప్ప, గురప్ప పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

"రండి రండి, చల్లటి నీళ్ళు" అని పిలుస్తున్నాడు సిద్ధప్ప.

దూరంగా నేల అదిరింది.

"ఏంట్రా ఆ చప్పుడు?" అన్నాడు గురప్ప.

"గిట్టలు బావా. మంద మొత్తం వస్తోంది. నోరు తెరుచుకుని కూర్చో."

గురప్ప తెరిచాడు. ఏనుగు మీద ఏనుగు ఎక్కితే ఎంతుంటుందో అంత ఎత్తున ఎర్రనీళ్ళు మలుపు తిరిగొచ్చి ఆ నోట్లో పడ్డాయి. మళ్ళీ అతను కనబడలేదు.

సిద్ధప్ప బరువు తక్కువవాడు. నీళ్ళు వాణ్ణి ఎత్తి కొండచరియకు కొట్టాయి. అక్కడ వేలాడుతున్న మర్రివేరొకటి పళ్ళకు చిక్కింది. రెండు కాళ్ళూ రాతికి ఆనించి, వేరును చంకలో ఇరికించుకుని పైకి చూశాడు.

"వదినా. ఆ వేరు పైకొస నోట పట్టుకుని లాగు. చచ్చిపోతున్నా."

చెంగమ్మ వేరు దగ్గరికి వచ్చింది. "లాగుతాను. మా ఆయన ఎక్కడ పడిపోయాడో చూపించు. ఆ చోటొక్కటి చూడాలి నాకు."

ఆమె నిజంగానే లాగేది. ఆమె మొహం చూసిన ఎవరికైనా అది తెలిసేది. సిద్ధప్ప మాత్రం ఏ జవాబు చెబితే ఆమె జాలిపడుతుందా అని లెక్క వేశాడు.

"అదిగో, ఆ తెల్లబండ దగ్గర. ఏమీ బాధపడలేదు."

ఆమె తెల్లబండను చూసింది. "నిజమేనా?"

ఆమె గొంతు వాడికి నచ్చలేదు. "కాదు కాదు, ఆ మలుపులో. నీ పేరు తలుచుకుంటూ పోయాడు వదినా."

"మలుపులోనా, బండ దగ్గరా?"

"అసలు చావలేదు" అన్నాడు సిద్ధప్ప ఆత్రంగా. "తప్పించుకుని కోన అవతలికి దూకాడు. నన్ను లాగితే నీకు దారి చూపిస్తా."

చెంగమ్మ వేరు కొస దగ్గర నోరు తెరిచి నిలబడింది. మూడు చోట్లలో ఏది నమ్మాలో తెలియక, ఒక్క క్షణం వరద అవతలికి చూసింది. ఆ ఒక్క క్షణంలో వేరు తెగింది. సిద్ధప్ప ఇంకా ఏదో చెబుతూనే నీళ్ళలో కలిసిపోయాడు.

ఆమె తిరిగొచ్చేసరికి పిల్ల కొత్తనీళ్ళలో మూతి పెట్టి ఉంది. బతికింది. వాగు మూడు రోజులు పారింది. తగ్గాక చెంగమ్మ కోనలోకి దిగి తెల్లబండ దగ్గర వెతికింది, మలుపులో వెతికింది, అవతలి గట్టు మీద కూడా వెతికింది. ఎక్కడ చూసినా వరద పరిచిన ఇసుకే. చేత్తో దువ్వినట్టు నున్నగా, అంతా ఒకలాగే ఉంది.

ఎదుటివాడి దాహం మీద బతకడం మరిగినవాడికి, తన ప్రాణం నిలబెట్టే ఒక్క నిజం కూడా నోటికి రాదు.