నీడల వడ్డీ

అనగనగా, ఏడు సముద్రాలకివతల గంధవరమని ఒక రాజ్యం. కరువొచ్చిన ఏడాది అక్కడి రాజు, సముద్రాలకవతల శంఖద్వీపం నుంచి వడ్లు అరువు తెచ్చాడు. ఆ ద్వీపాన్ని అప్పటికే ధూమ్రాక్షుడనే మాంత్రికుడు కాజేశాడు. అప్పు తీరలేదు. వడ్డీ కింద వాడు మనుషుల నీడలు పట్టుకుపోయేవాడు. అమావాస్యకొక వీధి. నీడ పోయినవాళ్ళు నవ్వరు, ఏడవరు, పిలిస్తే పలకరు. వచ్చే అమావాస్యకు రాణిగారి వంతు.

రాజుగారి పెద్దకొడుకు ద్వీపానికి వెళ్ళి బతిమాలాడు. నీడ లేకుండా తిరిగొచ్చాడు. రెండోవాడు వెళ్ళి బెదిరించాడు. వాడూ నీడ లేకుండానే తిరిగొచ్చాడు.

"అమ్మా, నేను బేరమాడి వస్తా" అని మూడోవాడు చిత్రభానుడు వడ్ల బస్తాతో పడవెక్కాడు. దారిలో నీళ్ళలో కొట్టుకుపోతున్న చీమను తీసి తలపాగాలో పెట్టుకున్నాడు.

శంఖద్వీపంలో తలుపులన్నీ బిగించి ఉన్నాయి. గోడల మీద నీడలు మాత్రం సంతలోలా తిరుగుతున్నాయి, చప్పుడు లేకుండా. పెద్దన్న నీడ చెయ్యి ఊపింది. మేడ కిటికీలో ఆ ద్వీపపు రాజకుమార్తె మందారవల్లి బందీగా నిలబడి ఉంది. వెన్నెలకు ప్రాణమొస్తే అలాగే ఉంటుందనిపించింది అతనికి.

"ఏరా కుర్రకుంకా, నువ్వు ఏడుస్తావా, అరుస్తావా?" అన్నాడు ధూమ్రాక్షుడు.

"కొలుస్తాను మామా! ఇచ్చిన కుంచంతోనే పుచ్చుకోవడం రెండు రాజ్యాల ఆచారం. ఆ కుంచం తెప్పించు."

మాంత్రికుడి ముఖం నల్లబడింది. గోడల మీది నీడలన్నీ ఒక్కసారి వాడివైపు తిరిగాయి. ఇక తప్పక నల్లటి కుంచం తెచ్చాడు.

చిత్రభానుడు వడ్లు పోయబోతుంటే చీమ కుంచంలోకి దిగి, మళ్ళీ పైకొచ్చి చెవిలో అంది: "బాబూ, అడుగున ఇంకో అడుగుంది. దాని కింద ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

"అయితే మాకు పోసిందంతా తక్కువ కొలతేనన్నమాట!" అని అతను దొంగ అడుగు పగలగొట్టాడు. లోపల పచ్చటి చిలుక. కళ్ళు మాంత్రికుడివే.

"వద్దు" అంది చిలుక. "వద్దు" అన్నాడు మాంత్రికుడు. "వడ్డీ వదిలేస్తా" అన్నారిద్దరూ, ఒకే గొంతుతో.

"మరి నీడల సంగతో?"

"అవి నావి."

చిత్రభానుడు చిలుక మెడ నులిమాడు. ధూమ్రాక్షుడు కూలిపోయాడు. అప్పుడు చూశాడతను, వాడికి అసలు నీడే లేదు. గోడల మీది నీడలు కొంగల బారుల్లా సముద్రాలు దాటి ఇళ్ళకు పోయాయి.

మందారవల్లి మేడ దిగి వచ్చింది.

"ఇంక అప్పు తీరినట్టేగా?" అన్నాడతను మురిసిపోతూ.

"ఆ వడ్లు మా రైతులవి రాకుమారా! తక్కువ కొలిచింది తీసేద్దాం, వడ్డీ వద్దు. మిగతాది ఏడేళ్ళలో ఇవ్వండి. వడ్లు లేకపోతే మీ నేత చీరలివ్వండి."

"పదేళ్ళు."

"ఎనిమిది."

"తొమ్మిది, నన్ను పెళ్ళాడితే ఎనిమిది!"

ఆమె నవ్వింది. "పెళ్ళి పెళ్ళే, బాకీ బాకీ. ఎనిమిది."

పెళ్ళయింది. గంధవరం పడవలు ఏటేటా వెళ్ళాయి. దొంగ అడుగు పగిలిన ఆ కుంచాన్ని కోటగుమ్మానికి వేలాడదీశారు. గాలి వీస్తే దానిలోంచి ఇప్పటికీ "వద్దు" అని వినిపిస్తుందట. ఆఖరి పడవ చేరిన రోజున రెండు రాజ్యాల జనం ఎండలోకొచ్చి తమ నీడలను తనివితీరా చూసుకున్నారు. ఆ నీడలు చల్లగా ఉన్నన్నాళ్ళూ చిత్రభానుడూ మందారవల్లీ చల్లగా ఏలారు.