రాజుగారి మూగ స్పీకరు

ఆవాలకోట రాజుగారి కొలువులో లినక్స్ కంప్యూటరు మీద పాట నడుస్తోంది గానీ, స్పీకరు కిక్కురుమనడం లేదు.

"ఈ మూగయంత్రాన్నీ, దీన్ని చూసుకునే పోలమ్మనూ సాగనంపండి ప్రభూ! ఆ పని మా బావమరిదికి ఇప్పించండి," అన్నాడు మంత్రి.

పోలమ్మ బ్లూటూత్ చూసింది. శబ్దం స్పీకరుకు కాక ఇంకెవరి చెవుల్లోకో పోతోంది. సభంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, మంత్రిగారి వేళ్ళు మాత్రం తొడమీద తాళం వేస్తున్నాయి.

ఆమె ఒక ముక్క టైపు చేసి కంప్యూటరు చేత చదివించింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. మంత్రి మాత్రం "చచ్చాన్రోయ్!" అని ఎగిరి, తలపాగా విసిరికొట్టాడు. చెవుల్లోని ఇయర్‌బడ్స్ బయటపడ్డాయి.

"ఏం చదివించావు పోలమ్మా?" అన్నాడు రాజు.

"'మంత్రిగారి తలపాగాలో తేలుంది' అని, ప్రభూ. యంత్రం మూగదైతే ఆయనకెలా వినపడిందో కనుక్కోండి," అంటూ ఆమె శబ్దాన్ని స్పీకరుకు మళ్ళించింది.

పాట ఖంగుమంది. ఈసారి తాళం సభంతా వేసింది.