నీళ్లు ఇంకేదాకా

చెప్పేది నేను, వినేది మీరు. మీరు ఊఁ కొట్టడం మానేస్తే నేనూ చెప్పడం మానేస్తాను. సరేనా?

ఎప్పటి మాటో ఇది. ఇప్పుడున్న బాటలు అప్పుడు పడలేదు, ఇప్పుడున్న బావులు అప్పుడు తవ్వలేదు. ఏటి ఒడ్డున రెల్లుగడ్డ అని ఒక ఊరుండేది. ఆ ఊరికి ఒక వల్లకాడు. ఆ వల్లకాటికి ఒక కాపరి. ఆయన పేరు పెంటయ్య.

ఆ పేరెందుకు వచ్చిందంటే, వాళ్ళమ్మకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టగానే ఆమె తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. "ఈ బిడ్డ నాకొద్దు, పనికిరాడు" అని గట్టిగా పైకి అనేసి వచ్చింది. ఆ మాట చావు వింటుందని, పనికిరానివాడు నాకు మటుకు ఎందుకని వదిలేసి పోతుందని ఆ కాలపు నమ్మకం. మేనత్త వెళ్ళి చేటలో ఎత్తుకొచ్చింది. చావు నిజంగానే వదిలేసింది. వదిలేసిందిగానీ, బతుకంతా తన పక్కనే పని చూపించింది.

పెంటయ్య పని గుంటలు తవ్వడం. ఆయన వీధిలోకి వస్తే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. అవసరం పడితే దూరం నుంచి కేకేసేవాళ్ళు. "ఒరేయ్ పెంటయ్యా, పార తీసుకుని రారా!" అంతే మాట. పూడ్చడం కాగానే ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మిగిలేది ఒక పచ్చి మట్టికుప్ప, దాని పక్కన పెంటయ్య. చుట్టూ నాగజెముడు, పల్లేరుకాయలు.

ఆయనకు నాగి అని పెళ్ళాం ఉండేది. పెద్ద నోరు, పెద్ద నవ్వు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయింది. ఆ గుంట కూడా ఆయనే తవ్వాడు. ఆయనే పూడ్చాడు. పూడ్చి, అక్కడే కూర్చుండిపోయాడు.

"పసరు ఇంకో పూట ముందు పోసి ఉంటే బతికేదేమో" అని లోపల ఒక గొంతు. "రేపటి నుంచి ఎవరితో మాట్లాడతావు?" అని ఇంకో గొంతు. ఒకటి వెనక్కి లాగుతుంది, ఒకటి ముందుకు తోస్తుంది. మధ్యలో మనిషి నలిగిపోతున్నాడు.

అప్పుడు కంటబడింది ఒక కానుగ మొలక. ఆయన తవ్విపోసిన మట్టిలోనే, వేర్లు బయటపడి ఒరిగిపోయి ఉంది. ఆయన ఏమీ అనుకోలేదు. చేత్తో మట్టి తీసి, మొలకను నిలబెట్టి, చుట్టూ పాదు చేశాడు. కుండలో మిగిలిన నీళ్లు పోశాడు.

నీళ్లు నిలిచాయి. ఒక బుడగ లేచింది, పగిలింది. ఒక చీమ తడి తగలకుండా గడ్డిపరక ఎక్కింది. మట్టి వాసన వచ్చింది. నీళ్లు మెల్లగా కిందికి దిగాయి. ఆయన చూస్తూ కూర్చున్నాడు. పాదు అడుగున తడి మట్టి కనబడ్డాక తెలిసింది ఆయనకు, ఇంతసేపూ ఆ రెండు గొంతులూ వినబడలేదని.

దుఃఖం పోలేదు. కాసేపటికి మళ్ళీ వచ్చింది. కానీ ఊపిరి తీసుకోవడానికి చోటొకటి ఉందని ఆయనకు తెలిసింది.

ఇక ఆనాటి నుంచి గుంట తవ్విన ప్రతిచోటా ఒక మొక్క. నందివర్ధనం, గన్నేరు, బంతి, దవనం. ఏటి నుంచి కావడితో నీళ్లు మోసేవాడు. ఒక్కొక్క పాదు నింపేవాడు. నింపి, నీళ్లు ఇంకేదాకా కూర్చునేవాడు. అప్పుడు లేచి ఇంకో పాదు. తొందర లేదు. ఏ తేనెటీగ ఏ పువ్వు మీద వాలిందో, ఏ ఆకు ఎటు తిరిగిందో చూసుకుంటూ ఉండేవాడు.

అలా ఉండగా ఒక పొద్దున సాలెవాళ్ళ పోలమ్మ వచ్చింది. ముందురోజే ఆమె బిడ్డను అక్కడ పూడ్చారు. ఆడవాళ్ళు వల్లకాటికి రాకూడదని కట్టుబాటు. ఆమెకు కట్టుబాటు గుర్తులేదు. కొంగు మట్టిలో ఈడుస్తూ వచ్చింది. కంట్లో చుక్క నీరు లేదు.

"అన్నా, తవ్వు" అంది. "ఒక్కసారి చూసుకుంటాను. మళ్ళీ పూడ్చేద్దువుగాని."

అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఆయన్ని అన్నా అని పిలవలేదు. పెంటయ్య కాదనలేదు, ఔననలేదు. ఆయన చేతిలో బంతి నారు ఉంది.

"తల్లీ, ఎండెక్కుతోంది. ఈ నారు ఇప్పుడు నాటకపోతే వాడిపోతుంది. నాకు చేతులు చాలడంలేదు. ముందు ఇది నాటమ్మా. తర్వాత నువ్వు చెప్పినట్టే చేద్దాం."

"ఎక్కడ నాటను?"

"నీ బిడ్డ తల దగ్గర."

పోలమ్మ వేళ్ళతో మట్టి తవ్వింది. పైన వేడి, లోపల చల్లన. నారు పెట్టింది, మట్టి అదిమింది, ముంతతో నీళ్లు పోసింది. లేవబోయింది.

"లేవకు తల్లీ. నీళ్లు ఇంకేదాకా కూర్చో."

కూర్చుంది. నీళ్లు దిగుతుంటే చూసింది. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. పెంటయ్య దగ్గరికి రాలేదు. దూరంగా తన పాదు దగ్గర తను కూర్చున్నాడు.

ఏడ్చి ఏడ్చి ఆమె అడిగింది. "రేపు దీనికి నీళ్లెవరు పోస్తారన్నా?"

"నువ్వు రాకపోతే ఎండిపోతుంది" అన్నాడు.

అది అబద్ధం. అన్ని మొక్కలకూ పోసేవాడు దానికి పోయడా? కానీ ఆ అబద్ధం కోసమే పోలమ్మ మర్నాడు లేచింది, ఇంత గంజి తాగింది, ముంత పట్టుకుని వచ్చింది. గుంట తవ్వమని మళ్ళీ అడగలేదు.

ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. పోయినవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు కొందరు. అత్తతో పడలేక, నిద్ర పట్టక, రేపేమవుతుందోనన్న దిగులుతో వచ్చినవాళ్ళు కొందరు. ఎవరు ఏం చెప్పుకున్నా పెంటయ్య వినేవాడు. విని, ముంత ఇచ్చి, ఒక మొక్క చూపించేవాడు. "నీళ్లు ఇంకేదాకా కూర్చోమ్మా" అనేవాడు. అంతకన్న ఆయనకు ఇంకేమీ రాదు.

ఈ మాట ఊరిపెద్ద అక్కినాయుడి చెవిన పడింది. అక్కినాయుడికి కోపం మెండు. పొలం గట్టు తగాదాలో సొంత తమ్ముడితో మాట మానేసినవాడు. ఆ తమ్ముడు పోతే శవాన్ని చూడటానికి కూడా రానివాడు. పారలు పట్టుకున్న మనుషులతో వల్లకాటికి వచ్చాడు.

"ఒరేయ్ పెంటయ్యా! ఇది వల్లకాడా, పూలతోటా? మా ఇళ్ళ ఆడవాళ్ళు ఇక్కడికి రావడమేంట్రా? పీకండిరా, అన్నీ పీకెయ్యండి!"

మనుషులు పీకడం మొదలుపెట్టారు. పెంటయ్య అడ్డం పడలేదు. వాళ్ళ వెనకాలే నడిచాడు. వాళ్ళు పీకి పడేసింది పడేసినట్టే తీసుకుని, మళ్ళీ గుంటలో పెట్టి, మట్టి అదిమాడు. వాళ్ళు ఇంకోటి పీకారు. ఆయన ఇంకోటి నాటాడు.

"ఏంట్రా అది? నేను పీకిస్తుంటే నువ్వు నాటుతావా?"

"వేర్లకు ఎండ తగలకూడదు దొరా. ఇవి పెట్టేసి వస్తాను. వచ్చాక మీరు ఏ శిక్ష వేసినా పడతాను."

మనుషుల చేతులు ఆడటం తగ్గింది. ఒకడు తన తల్లిని పూడ్చిన చోట ఉన్న గన్నేరును చూసి పార కింద పెట్టేశాడు. నాయుడికి ఒళ్ళు మండింది. తనే వెళ్ళి ఒక నందివర్ధనాన్ని రెండు చేతులా పట్టి లాగాడు. అది రాలేదు. కాలు తన్నిపట్టి లాగాడు. వేర్లతో సహా వచ్చింది.

"ఇది మటుకు నాటావంటే ఊళ్ళో ఉండవు!"

పెంటయ్య ఆగిపోయాడు. "నాటను దొరా. అది మీ తమ్ముడిది."

నాయుడి చేతిలో చెట్టు అలాగే ఉంది. వేర్ల నుంచి మట్టి రాలుతోంది. ఆయన అడిగాడు. "ఎవరు వేశారు దీన్ని?"

"నేనే దొరా. ఆ రోజు మీ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఒక్కడే ఉన్నాడు కదా అని వేశాను."

నాయుడు వంగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెట్టును గుంటలో పెట్టబోయాడు. ఆయన జన్మలో ఒక మొక్క నాటలేదు, వంకరగా వచ్చింది. పెంటయ్య వచ్చి నిటారుగా పట్టుకున్నాడు. నాయుడు మట్టి తోశాడు. ముంత అందుకుని నీళ్లు పోశాడు. తలపాగా జారి మట్టిలో పడింది, తీసుకోలేదు.

పెంటయ్య మెల్లగా అన్నాడు. "కూర్చోండి దొరా. నీళ్లు ఇంకేదాకా."

అది బంకమట్టి. నీళ్లు తొందరగా దిగవు. ఊరిపెద్ద అలాగే కూర్చున్నాడు, మనుషులంతా నిలబడి చూస్తుండగా. ఆయన లోపల ఏం జరిగిందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. లేచినప్పుడు ఒకే మాట అన్నాడు. "పీకినవన్నీ నాటండిరా."

కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. తమ్ముడి నందివర్ధనం ఆకులన్నీ రాల్చేసి మోడైపోయింది. అది లేచేది కాదన్నారు అందరూ. నాయుడు మటుకు పోస్తూనే ఉన్నాడు. పోసి కూర్చుంటూనే ఉన్నాడు. వానలు పడ్డాక అది చిగురించింది.

ఏళ్ళు గడిచాయి. పెంటయ్య ముసలివాడయ్యాడు. కావడి మోయలేక కుండ, కుండ మోయలేక ముంత పట్టాడు. ఒక పొద్దున పోలమ్మ వచ్చేసరికి ఆయన ఒక దవనం పాదు పక్కన ఒరిగి ఉన్నాడు, నిద్రపోయినట్టు. పిలిచింది. పలకలేదు. పాదులో ఇంకా నీళ్లున్నాయి.

పోలమ్మ కేక వెయ్యలేదు. ఊళ్ళోకి పరిగెత్తలేదు. ఆయన పక్కన కూర్చుంది. నీళ్లు ఇంకేదాకా కూర్చుని, అప్పుడు లేచి ఊళ్ళోకి వెళ్ళి చెప్పింది.

ఊరికి చిక్కు వచ్చింది. గుంట తవ్వేవాడే పోతే, గుంట ఎవరు తవ్వాలి? ఎవరికీ చేతకాదు. ఎవరూ అంతకుముందు ఆ పార ముట్టుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, నెరిసిన తలతో అక్కినాయుడు ముందుకొచ్చాడు. పెంటయ్య వాడిన పారే తీసుకున్నాడు. ఆయన అలిసిపోతే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. వంకర టింకరగా తవ్వారు. తలుపులు వేసుకున్న వీధులే తలుపులు తీసి కదిలొచ్చాయి. నాయుడు చేతులిచ్చి పెంటయ్యను లోపలికి దించాడు.

పైన ఏం నాటాలా అని వాదన వచ్చింది. పోలమ్మ బంతి అంది. నాయుడు నందివర్ధనం అన్నాడు. ఒకరు కానుగ, ఒకరు గన్నేరు. ఎవరూ తగ్గలేదు. చివరికి ఎవరు తెచ్చింది వాళ్ళు నాటారు. ఆయన మీదా, ఆయన పక్కనా, ఎక్కడ చోటుంటే అక్కడ. ఊరంతా నీళ్లు పోసి, ఊరంతా కూర్చుంది. ఆ వేళ ఏటి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదంటారు.

ఇప్పటికీ ఆ వైపు ఎవరైనా చనిపోతే, ఇంటివాళ్ళు ఒక మొక్క నాటి నీళ్లు పోసి కూర్చుంటారు. ఆడవాళ్ళూ వస్తారు. పాదులో నీళ్లు కనబడినంతసేపు ఎవరూ మాట్లాడరు. కోపంతో ఊగిపోయేవాణ్ణి చూస్తే, దిగులుతో కుమిలిపోయేవాళ్ళను చూస్తే, "పెంటయ్య తోటకు వెళ్ళి ఒక ముంత పోసి రా" అంటారు.

ఆయన్ని పెట్టిన చోటు ఎక్కడని మీరు వెళ్ళి అడగండి. గుర్తు పట్టడానికి రాయి లేదు. ఆ రోజు నాటినవన్నీ పెరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అక్కడి ముసలివాళ్ళు తోటనంతా ఈ చివర నుంచి ఆ చివరదాకా చేత్తో చూపిస్తారు. చూపించి, మీ చేతికి ముంత ఇస్తారు.