పొయ్యి పక్క వడ్లు

పేరు చెబితే ఇప్పటికీ గొడవలయ్యే ఒకానొక రాజ్యంలో చండవిక్రముడనే రాజుండేవాడు. సూర్యుడు తన అనుమతితోనే ఉదయిస్తాడని ఆయన నమ్మకం. సూర్యుడు కాదనలేదు కాబట్టి కొలువులో ఎవరూ కాదనలేదు.

ఆ కొలువులో విదూషకుడు పోలినాయుడు. రైతుబిడ్డ, మాటకారి. ఊరి మొహం చూసి మూడేళ్లయింది. తొలి పంట నూర్చి రెండో పంటకు నారు పోసే రోజులొస్తే సెలవడిగేవాడు. నువ్వు పోతే నన్ను నవ్వించేదెవరని రాజు పంపేవాడు కాదు. ఊళ్లో భార్య అక్కమ్మ ఒక్కతే నారు పోసుకునేది.

ఆ ఏడు మళ్లీ అడిగాడు. ఆస్థాన పండితుడు రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు మీసం దువ్వి, ముందునాడే నూర్చిన వడ్లు రెండు మూటలు తెప్పించి, ఒకటి తన దగ్గరుంచుకుని రెండోది పోలినాయుడి చేతికిచ్చాడు.

"పదిహేను రోజుల్లో ఇవి మొలిస్తే ఇంటికి వెళ్లు. మొలవకపోతే మళ్లీ సెలవు మాట ఎత్తకు."

కొత్త వడ్లు నెలన్నర దాకా నిద్ర లేవవని, నానబెట్టినా మొలకెత్తవని పండితుడికి తెలుసు. పోలినాయుడికీ తెలుసు. తెలియనట్టు మొహం పెట్టడంలో ఇద్దరూ సమర్థులే.

పోలినాయుడు తన మూటను వంటశాలలో పొయ్యి పక్క గూట్లో పెట్టి, అక్కడే మకాం వేశాడు. తిండి కోసమేనని కోటంతా చెప్పుకుంది. అందులో కొంత నిజం. రోజూ మూటలో చెయ్యి దూర్చి వేడి చూసేవాడు. చెయ్యి చురుక్కుమనాలి కానీ వెనక్కి తీసేంత కాలకూడదని అక్కమ్మ చెప్పేది. ఆ మాట తలుచుకుంటూ ఒక్కోసారి చెయ్యి తీయడమే మరిచిపోయేవాడు.

సంగతి రాజుకు చేరింది. కిటుకు వేడిలోనే ఉంటే రాజుగారి వేడి ఇంకా గొప్పగా ఉండాలి కదా. తన మూటను ఎర్రగా కాలిన పెనం మీద పోయించాడు.

పదోనాడు రెండు మూటలూ నానబెట్టి తడిగోనెల్లో కట్టారు. పదిహేనోనాడు సభలో విప్పారు. పోలినాయుడి వడ్లు తెల్లగా మొలకలు తొడిగాయి. రాజుగారివి పేలాల వాసన వేశాయి.

"నావెందుకు మొలవలేదు?"

"ప్రభూ, వెచ్చదనం నిద్ర లేపుతుంది. మించితే ప్రాణం తీస్తుంది. మూడేళ్లుగా తమరి దయ నామీద కాస్తూనే ఉంది. ఇంకొక్క ఏడు కాసిందంటే నేనూ ఆ పెనం మీది గింజనే. వాసన బాగుంటుంది, మొలక రాదు."

రాజు తన గింజ ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. తర్వాత నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి పండితుడూ నవ్వాడు. పోలినాయుడికి శాలువా, గుర్రం, ఏటేటా నారు పోసే రోజులకు సెలవు దక్కాయి.

అతను మొలకల మూట ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరాడు. అక్కమ్మ శాలువా వైపు చూడలేదు. ఒక మొలక తీసి వెలుతురులో పట్టి చూసింది.

"చెయ్యి కాలిందా?"

"వెనక్కి తీయలేదు."

ఆపైన ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పలేను. తలుపేసుకున్నారు. ఆ ఊళ్లో తలుపులు మరీ మందం.