దూదమ్మ తొక్కుడు విమానం

ఏటి గట్టున తుమ్మచెట్ల కింద దూదమ్మ అనే కుందేలు కాపురం ఉండేది. ఆ ఏడు వచ్చిన వరద ఏటిని రెండు పాయలుగా చీల్చింది. మధ్యలో మిగిలిన లంకలో దూదమ్మ చెల్లెలు ఒంటరిగా చిక్కుకుపోయింది. మొగుడు వరదలో కొట్టుకుపోయాడు. పైగా కడుపుతో ఉంది. తను మేతకు వెళ్ళినప్పుడు పిల్లల్ని కాచేవాళ్ళు లేకపోతే డేగ ఒక్కదాన్నీ మిగల్చదని, నేతయ్య అనే గిజిగాడితో కబురు పంపింది. ఈదుకుంటూ వెళ్దామంటే పాయ నిండా మొసళ్ళు.

దూదమ్మ మూడు రోజులు గట్టు మీద కూర్చుని కొంగల్ని చూసింది. అవి నీటికి జానెడెత్తున, రెక్కలాడించకుండానే చాలా దూరం జారిపోతున్నాయి. నాలుగోరోజు నేతయ్యను పిలిచి, తనకు రెక్కలు కుట్టిపెట్టమంది.

దూదమ్మ వెదురు బద్దలు కొరికి నునుపు చేసింది. నేతయ్య ఎండిన అరటి పొరల్ని నారతో కుట్టాడు. ముందు తాటాకు గాలిమర, దాన్ని తిప్పడానికి వెనక కాళ్ళతో తొక్కే చక్రం. భయం కొద్దీ లావు వెదురు వాడిన మొదటి విమానం ప్రతిసారీ గట్టు కిందే కూలబడింది. దాన్ని మూడుసార్లు పైకి లాగిన ముసలి ఎద్దు బసవయ్య నెమరు ఆపి అన్నాడు.

"విరక్కుండా కట్టాలని చూస్తున్నావమ్మా. విరిగినా సాయంత్రానికల్లా అతుక్కునేలా కట్టు. బరువు దానంతటదే తగ్గుతుంది."

అలాగే సన్నబద్దలతో కట్టారు. అది రోజూ విరిగింది, రోజూ అతికారు. విమానం తేలికపడుతుంటే దూదమ్మ కాళ్ళు గట్టిపడ్డాయి. మొదటిరోజు ఇరవై లెక్కపెట్టేలోపు ఆయాసంతో చక్రం ఆపేసింది. నలభయ్యో రోజున తెల్లవారుజామున మొదలుపెడితే బారెడు పొద్దెక్కేదాకా తొక్కింది.

సింగన్న అనే గుంటనక్క ఇదంతా పొదచాటు నుంచి గమనిస్తూనే ఉన్నాడు. లంకలో ఒంటరి కుందేలు, నేడో రేపో లేత పిల్లలు. రేపు ఏరు దాటుదామని దూదమ్మ అనుకున్న రోజు, వినయంగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, మొదటిసారి పెద్దవాణ్ణి, నన్ను పోనీ. పడితే నేను పడతాను. నీ చెల్లెలికి నువ్వు కావాలి కదా."

ఇవ్వొద్దని నేతయ్య సైగ చేశాడు. కాదంటే వీడు ఏ పొద వెనకో కాచుకుని ఉంటాడని దూదమ్మకు తెలుసు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పింది.

"బాబాయ్, ఇది నా బరువుకు కట్టింది. సగం దూరం పోయాక తొడలు మండుతాయి. అక్కడ ఆపితే ఏట్లో పడతావు. నేను నలభై రోజులు తొక్కాను, నువ్వు ఒక్కరోజైనా తొక్కలేదు. ఆపైన నీ ఇష్టం."

దొంగకు ఊళ్ళో అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. తనను బెదరగొట్టడానికే ఇది అబద్ధాలాడుతోందని సింగన్న లోపల నవ్వుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి గాలి లేదు. సింగన్న విమానమెక్కితే బసవయ్య వెనక నుంచి తోశాడు. విమానం గట్టు వదిలి నీటి మీదికి జారింది. కింద నిగనిగలాడే ఏటిని చూసి సింగన్న ఉబ్బిపోయాడు. పాయ మధ్యకు వచ్చేసరికి తొడలు నిప్పుల్లా మండాయి. పొంచి ఉండి ఒక్క దూకు దూకడమే తప్ప వాడికి జన్మలో దీర్ఘంగా కష్టపడే అలవాటు లేదు. ఊపిరి తీసుకుందామని ఒక్క క్షణం ఆపాడు. గాలిమర ఆగింది, రెక్క నీటిని కోసింది. సగం తోక మొసలి నోట్లో వదిలి, ప్రవాహంలో కొట్టుకుపోయి, ఎక్కడో రెండు మలుపుల దిగువన ఒడ్డుకు పాకాడు.

ఒడ్డున జమ్ముగడ్డిలో చిక్కుకున్న విమానాన్ని బసవయ్య కొమ్ములతో బయటికి లాగాడు. ముక్కల్ని చూసి నేతయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తెలిసి తెలిసి ఎందుకిచ్చావక్కా అన్నాడు.

"రెక్కలైతే అతుక్కుంటాయి. వాడు నన్ను తినేస్తే నన్నెవరు అతుకుతారు?" అంది దూదమ్మ.

ఎనిమిది రోజులకు మళ్ళీ సిద్ధమైంది. తను చెప్పినట్టే పాయ మధ్యలో దూదమ్మ తొడలూ మండాయి. ఆపలేదు. చెల్లెలి పేరు తలుచుకుంటూ ఒక్కో తొక్కుడూ లెక్కపెట్టింది. చివర విమానం నీటిని రాసుకుంటూ ఇసుకలో కూలబడింది. చెల్లెలు నిండు కడుపుతో పరుగున వచ్చింది. సాయం చేద్దామని వచ్చిన దూదమ్మ లేచి నిలబడలేకపోయింది. ఆ రోజంతా చెల్లెలే గరిక తెచ్చి నోటికి అందించింది. మూడోనాడు నలుగురు పిల్లలు పుట్టారు. డేగ చాలా రోజులు తిరిగింది. ఎప్పుడు చూసినా పిల్లల పక్కన ఒకరు కూర్చునే ఉన్నారు.

దిగువన సింగన్న మాత్రం, కుందేలు తనకు చెడిపోయిన విమానం అంటగట్టి మోసం చేసిందని కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంటున్నాడు. సగం తోక చూసి వాళ్ళు జాలిపడుతున్నారు. నువ్వు బయలుదేరే ముందు ఆ దూదమ్మ ఏం చెప్పిందని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేస్తాడు.

నీతి: రెక్కలు అరువు దొరుకుతాయి, రెక్కల కష్టం అరువు దొరకదు.