శత్రువు కంటే ముందే

"జొన్నకి కావలి చిలకమ్మ,
చిలక్కి కావలి పిల్లి మావ,
పిల్లికి కావలి..."

పిల్లికి కావలి ఎవరో ఎర్రమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు చేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలుతూ పాడిన పాట. తోక ఎక్కడో జారిపోయింది.

"పిల్లికి కావలి ఏటిరా?" అని కొడుకుల్ని అడిగింది.

"దానికి గోళ్ళున్నాయి కదమ్మా! మళ్ళీ కావలెందుకు?" అన్నాడు పెద్దాడు తవుడు.

వాడి బుర్రకి దిష్టి తగలకుండా ఎర్రమ్మ గబగబా మెటికలు విరిచింది. మురవదూ మరి! తవుడు, గవరయ్య, అసిరయ్య ముగ్గురూ పట్నం వెళ్ళి, పెద్ద పెద్ద వాళ్ళకి కాపలా కాసే చదువు చదివొచ్చారు. నల్లకోట్లు, నల్ల టైలు, నల్లద్దాలు. ఇంట్లో కూడా ఆ అద్దాలు తియ్యరు. అందుకే అన్నం అనుకుని ఉప్పు కలుపుకుంటారు. అయినా ఠీవి ఠీవే.

"మేస్టారు ఏం నేర్పేరురా?"

"శత్రువు ఏం చెయ్యబోతాడో ముందే కనిపెట్టాలట. వాడికంటే ముందుండాలట."

"అంటే వాడు చెయ్యబోయేది మనమే ముందు చేసెయ్యాలన్నమాట!" అంది ఎర్రమ్మ. ముగ్గురూ తెల్లబోయి తల్లి వంక చూశారు. ఇంత సులువైన మాట మేస్టారికెందుకు తట్టలేదో! అంతే, ఇంటిముందు బోర్డు లేచింది: "శత్రువు కంటే ముందే మేము."

మొదటి బేరం సూరీడమ్మగారిది. ఆవిడకి జీడిపప్పు బట్టీ ఉంది. వ్యాపారుల సంఘానికి అధ్యక్షురాలిగా నిలబడతానంది. గెలిస్తే జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళందరికీ చేతి తొడుగులిప్పిస్తానని మాటిచ్చింది. ఎర్రమ్మ కూడా ఒకప్పుడు పిక్కలు కొట్టిందే. ఆ పిక్కల జీడి రసం అంటుకుని ఆమె వేళ్ళు కాలి నల్లబడి, చెట్టు బెరడులా అయిపోయాయి. అందుకని ఈ బేరం మీద ఆమెకి ప్రాణమంత ఆశ.

ఎదటివాడు ఇప్పటి అధ్యక్షుడు కామునాయుడు. "మజ్జాన్నం పన్నెండులోగా సంఘం ఆఫీసులో నామినేషన్ వెయ్యాలి. సూరీడమ్మ ఆ గుమ్మం ఎలా ఎక్కుతుందో చూస్తాను" అని సంతలో మీసం తిప్పాడు.

నామినేషన్ రోజు పొద్దున్నే తల్లీ కొడుకులూ సూరీడమ్మ ఇంట్లో దిగారు. బల్లమీద ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి.

"శత్రువైతే ఇప్పుడేం చేస్తాడు?" అంది ఎర్రమ్మ.

"ఇడ్లీల్లో విషం కలుపుతాడు" అన్నాడు తవుడు.

"మరి మనమే ముందు కలిపేద్దామా?" అన్నాడు అసిరయ్య.

"ఛీ, వెధవా! అసలు ఇడ్లీలే లేకపోతే విషం ఎందులో కలుపుతాడు?"

ఇంకేముంది! ఇడ్లీలు, చట్నీ, రేపటికని దాచిన పిండీ అన్నీ ఖాళీ. సూరీడమ్మ స్నానం చేసొచ్చేసరికి ముగ్గురూ వరసగా త్రేన్చారు. "మీ ప్రాణానికి భయం లేదమ్మగారూ!"

"సర్లే, నా ఆకలి నేను పడతాను. కారు తియ్యండి."

కారు నేలకి కరుచుకుని ఉంది. పక్కన గవరయ్య చేతులు దులుపుకుంటున్నాడు. "నాలుగు చక్రాల్లోనూ గాలి తీసేశానమ్మగారూ! ఇప్పుడొచ్చి ఆ కామునాయుడు ఏం తీస్తాడో తియ్యమనండి!"

సూరీడమ్మ తల పట్టుకుంది. "ఓరి మీ తెలివి తెల్లారా! నన్ను ఎవడైనా ఎత్తుకుపోయినా బాగుణ్ణు!"

ఎర్రమ్మ ఆ మాట పట్టుకుంది. నిజమే, ఎత్తుకుపోతే? తొడుగుల మాటేమిటి? "ఒరేయ్, వాడికంటే ముందు!" అని కేకేసింది. అంతే, సూరీడమ్మని గోనెసంచిలోకి దించారు, అరవకుండా నోటికి తువ్వాలు కట్టారు, సంచి మూతి కుట్టేశారు. ఊపిరాడాలి కదా అని గవరయ్య సంచికి చిల్లులు పొడిచాడు. ఒక్క సంచికే చిల్లులుంటే శత్రువు పోల్చేస్తాడు కదా అని పక్కనున్న జీడిపప్పు బస్తాలన్నిటికీ పొడిచాడు. అన్నీ కలిపి తోపుడుబండి మీదకెత్తారు.

బండి కదిలింది. చిల్లుల్లోంచి పప్పు దారిపొడుగునా జలజలా రాలింది. వెనకాల కోళ్ళు, కోళ్ళ వెనక మేకలు, మేకల వెనక కొంగులు పట్టుకుని ఊరి ఆడవాళ్ళు. పెళ్ళి ఊరేగింపుకి కూడా అంతమంది రారు.

"ఎవరికీ తెలీకుండా భలే తీసుకెళ్తున్నాం!" అన్నాడు తవుడు.

"అది సరే, అమ్మగారు ఏ సంచిలో ఉన్నారు?" అన్నాడు అసిరయ్య.

"మనకే తెలీనప్పుడు శత్రువుకెలా తెలుస్తుందిరా!" అంది ఎర్రమ్మ గర్వంగా.

ఆఫీసు గుమ్మంలో కామునాయుడే అడ్డంగా నిలబడి ఉన్నాడు. "ఏటా బస్తాలు?"

"ఒకదాంట్లో సూరీడమ్మగారున్నారు బాబూ! ఏదో మాకూ తెలీదు" అన్నాడు తవుడు. అబద్ధం వాడి నోట రాదు.

కామునాయుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "సూరీడమ్మ సంచిలో ఉందట! పప్పంతా కార్చుకుంటూ వచ్చారు, పిచ్చి సన్నాసులు! ఒరేయ్, ఆ కారని బస్తా ఒకటి నిండుగా ఉంది చూడండి. దాన్ని లోపల నా బల్ల పక్కన పడెయ్యండి. ఊరికే వచ్చింది ఒదులుకుంటామా!"

అతని కూలీలే మూలుగుతూ మోసి గుమ్మం దాటించారు. అతనే కత్తితో మూతి కోశాడు. లోపల్నించి జుట్టంతా గోనెపీచుతో సూరీడమ్మ లేచి, నోటి తువ్వాలు ఊడబెరికి, బల్లమీద నామినేషన్ కాగితం లాక్కుని సంతకం గీకేసింది. అప్పుడు కొట్టింది గడియారం పన్నెండు. కామునాయుడు కత్తి పట్టుకునే కింద కూలబడ్డాడు.

సూరీడమ్మ బయటికొచ్చింది. ఎర్రమ్మ కళ్ళు చెమర్చాయి. ఇహ మెచ్చుకుంటుందని నలుగురూ వరసగా నిలబడ్డారు.

"జన్మలో మీరు నా కళ్ళకి కనపడకండి!" అని వెళ్ళిపోయింది.

సంఘం ఎన్నికలో సూరీడమ్మే గెలిచింది. ప్రమాణం చేసే రోజు రానే వచ్చింది. కామునాయుడు ఊరుకుంటాడా? కాపలా మానకూడదు. కానీ ఆవిడ కళ్ళకి కనపడకూడదు. ఎలా?

ఎర్రమ్మ బాగా ఆలోచించింది. "నాలుగు ఒళ్ళు దాచడం కష్టమా, రెండు కళ్ళు మూయడం కష్టమా?"

"అమ్మా, నీ కడుపున పుట్టడం మా అదృష్టమే!" అన్నారు ముగ్గురూ.

ఇంకేముంది! సూరీడమ్మ వేదిక మెట్లు ఎక్కుతుండగా ఎర్రమ్మ వెనకనించొచ్చి తవుడి నల్ల టై ఆవిడ కళ్ళకి బిగించి కట్టేసింది. సూరీడమ్మ తడుముకుంటూ పోయి అమ్మవారి పటానికి వెయ్యాల్సిన దండ వేదిక మీదే ఉన్న కామునాయుడి మెడలో వేసింది. కొబ్బరికాయ అతని బోడిగుండుకి కొట్టబోతే అతను వేదిక దిగి పరుగో పరుగు. జనం ఈలలేశారు.

సూరీడమ్మ కళ్ళమీది ముడి విప్పుకోబోయింది. బెరడులాంటి వేళ్ళు చేతికి తగిలాయి. ఆ వేళ్ళని మెల్లగా నిమిరింది.

"ఎర్రమ్మా, నువ్వేనా?"

"కాదమ్మగారూ. నేను మీకు కనపడకూడదు కదా."

సూరీడమ్మకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "తొడుగుల్లో మొదటి జత నీకే ఇస్తాను. అది సరే గానీ, నాకు కావలి మీరైతే మీకు కావలి ఎవరే తల్లీ!"